చెప్పి చేసే మాయ

అనంతపురం సీమలో మా పల్లె. వేసవి రాత్రి. టీవీని వసారాలోకి తెచ్చి పెట్టారు. ఏదో వినోద కార్యక్రమంలో ఐంద్రజాలికుడు పెట్టెలోని అమ్మాయిని రంపంతో రెండుగా కోస్తున్నాడు. "అంతా కనికట్టులేబ్బా! ఎట్ల చేస్తాండాడో కనిపెట్టండి సూద్దాం" అని నవ్వాడు మా చిన్నాన్న. మర్నాడు అదే చిన్నాన్న, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతున్న మనిషి వెనుక చేతులు కట్టుకుని నడిచాడు. కాయ లేచి నిలబడిన చోట బోరు వేయించాడు. నీరు పడలేదు. అప్పు మిగిలింది.

ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు పి.సి.సర్కార్ గుర్తుకు వస్తారు. 1956 ఏప్రిల్ 9న బి.బి.సి. టెలివిజన్ 'పనోరమా' కార్యక్రమంలో ఆయన పదిహేడేళ్ళ సహాయకురాలిని విద్యుత్ రంపంతో కోశారు. అది ప్రత్యక్ష ప్రసారం. తరువాత పిలిస్తే ఆమె పలకలేదు. సర్కార్ ఆమె ముఖంపై నల్లని గుడ్డ కప్పారు. అంతలో వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ ముందుకు వచ్చి కార్యక్రమం ముగిసిందని ప్రకటించారు. హత్యే జరిగిందనుకున్న ప్రేక్షకులు ఫోన్లతో బి.బి.సి.ని ముంచెత్తారు. నిజానికి సమయం మించిపోయింది, అంతే. అమ్మాయి క్షేమంగానే ఉంది. అది ప్రచారం కోసం సర్కార్ పన్నిన ఉపాయమేనన్న వారూ ఉన్నారు. ఏమైనా, 'ఇది మాయ' అన్న చివరి మాట అందకపోతే వినోదం ఎంత సులభంగా భయంగా మారుతుందో ఆ రాత్రి తెలిసివచ్చింది.

ఆ చివరి మాట విలువ మన పూర్వులకు తెలుసు. పదిహేనవ శతాబ్దంలో కొరవి గోపరాజు తెలిగించిన 'సింహాసన ద్వాత్రింశిక'లో ఒక ఐంద్రజాలికుడు భార్యను రాజుకు అప్పగించి, యుద్ధానికని ఆకాశానికి ఎగబాకుతాడు. అతని అవయవాలు తెగి నేలపై పడతాయి. భార్య సహగమనం చేస్తుంది. అంతలో అతడు తిరిగి వచ్చి, నా భార్య ఏదని అడుగుతాడు. రాజు నిలువునా కుంగిపోయాక, ఇదంతా ఇంద్రజాలమేనని తానే విప్పి చెప్పి బహుమానం అందుకుంటాడు. 2025లో కన్నుమూసిన బి.వి.పట్టాభిరామ్ కూడా ఆ దారివారే. వేదికపై మాయ చేసి మెప్పించిన ఆయనే మనస్తత్వ శాస్త్రాన్ని తేట తెలుగులో జనానికి వివరించారు.

కొబ్బరికాయ మనిషి మాత్రం ఆ చివరి మాట చెప్పడు. బహుశా అతనికీ తెలియదు. మనసులోని ఊహ మనకు తెలియకుండానే కండరాలను కదిలిస్తుందని 1852లో విలియం కార్పెంటర్ అనే ఆంగ్ల వైద్యుడు వివరించాడు. నీళ్ళు వెతికే పంగలకర్ర వంగడానికీ కారణం అదే. మన నేల కింద ఉన్నది గట్టి రాయి; ఆ రాతి పగుళ్ళలో ఉంటేనే నీరు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే చోట ఆ పగులు ఎక్కడుందో అరచేతికి ఎలా తెలుస్తుంది?

చిన్నాన్న అమాయకుడు కాడు. టీవీ ముందు అందరికంటే ముందుగా "ఎట్ల?" అని అడిగినవాడు. చేనిలో అడగలేకపోయాడు. అక్కడ పందెంలో ఉన్నది వినోదం కాదు, నీరు.