పిల్లల ఎక్స్‌రే కథ: మంచి ఫిల్మ్ అంటే ఏది?

ఈ ఎపిసోడ్‌లో పిల్లల ఎక్స్‌రేల చరిత్ర చెప్పుకుందాం. ఎక్స్‌రే అంటే రాంట్‌జెన్ కనిపెట్టాడు, అక్కడితో అయిపోయింది అనుకోకండి. పెద్దవాళ్ళ ఎక్స్‌రే కథ వేరు, పిల్లలది వేరు. జబ్బే లేని వేలమంది పసిపిల్లలకు వైద్యం చేసి, చివరికి జబ్బు తెచ్చిపెట్టిన కథ కూడా ఇందులో ఉంది.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఈ కిరణాల్ని గమనించాడు. డిసెంబరులో తన భార్య చేతిని ఫిల్మ్ తీశాడు. ఆ రోజుల్లో ఒక్కో ఫిల్మ్‌కి నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి. పెద్దవాళ్ళకైతే "ఊపిరి బిగబట్టండి" అని చెప్పొచ్చు. ఏడాది పిల్లాడికి ఎలా చెబుతాం? కదులుతాడు, ఏడుస్తాడు, ఫిల్మ్ మసకబారిపోతుంది. అందుకే పిల్లల విషయంలో నాణ్యత అంటే మొదట వేగమే. కాల్షియం టంగ్‌స్టేట్ అనే పదార్థం ఎక్స్‌రే తగిలితే మెరుస్తుందని 1896లోనే ఎడిసన్ గుర్తించాడు. అలాంటి మెరిసే తెరల్ని ఫిల్మ్‌కి ఆనించి పెడితే తక్కువ సమయంలో, తక్కువ రేడియేషన్‌తో పని అయిపోతుంది. 1970లలో వచ్చిన రేర్ ఎర్త్ తెరలు ఆ డోసుని ఇంకా తగ్గించాయి.

అయితే ఫిల్మ్ స్పష్టంగా వస్తే చాలా? చాలదు. ఇక్కడే థైమస్ కథ వస్తుంది.

థైమస్ అంటే రొమ్ము ఎముక వెనకాల, గుండెకు కాస్త పైన ఉండే గ్రంథి. పసిపిల్లల్లో పెద్దదిగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. దీర్ఘకాలం జబ్బుపడినా తొందరగా చిన్నదైపోతుంది. అలా జబ్బుపడి చనిపోయినవాళ్ళ శరీరాల్ని కోసి చూసిన వైద్యులు ఆ చిన్న సైజే మామూలు అనుకున్నారు. ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా పోయిన పిల్లల్లో అది పెద్దగా కనిపించేసరికి, "ఇదే ఊపిరి ఆపేసింది" అన్నారు. ఎక్స్‌రే వచ్చాక బతికున్న పిల్లల్లో కూడా ఆ నీడ కనిపించింది. ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లవాడు ఊపిరి పీల్చినప్పుడు తీస్తే ఆ నీడ సన్నగా ఉంటుంది, ఏడుస్తూ ఊపిరి వదిలినప్పుడు తీస్తే వెడల్పుగా పడుతుంది. అదే పిల్లవాడు, అదే గ్రంథి, తేడా అంతా తీసిన క్షణంలోనే అన్నమాట.

1907లో అమెరికాలోని సిన్సినాటిలో ఫ్రీడ్‌లాండర్ అనే వైద్యుడు ఆ గ్రంథిని రేడియేషన్‌తో కుదించాడు. ఆ తరవాత అదే పద్ధతి అయిపోయింది. ముందుజాగ్రత్త పేరుతో కూడా చేశారు. న్యూయార్క్‌లో జాన్ కాఫీ అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. చిత్రంగా ఆయన పుట్టింది కూడా 1895లోనే. పిల్లల ఫిల్ములు వేలకొద్దీ చూసి, 1945లో పిల్లల ఎక్స్‌రేల మీద పెద్ద పుస్తకం రాశాడు. పెద్ద థైమస్‌కీ హఠాన్మరణానికీ సంబంధమే లేదు, దానికి రేడియేషన్ ఇవ్వడం అర్థంలేని పని అని అందులో తేల్చి చెప్పాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. 1950లో డఫీ, ఫిట్జెరాల్డ్ అనే ఇద్దరు వైద్యులు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన 28 మంది పిల్లల వివరాలు చూస్తే, దాదాపు మూడోవంతు మందికి పసితనంలో థైమస్‌కి రేడియేషన్ ఇచ్చారని తేలింది.

నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఆ ఫిల్ములు పాడైనవి కావు. మామూలు పిల్లవాడి ఫిల్మ్ ఎలా ఉంటుందో చూసేవాళ్ళకి తెలియదు, అంతే.

ఇక సీటీ స్కాన్ దగ్గరికి వద్దాం. 1971 అక్టోబరులో లండన్ వింబుల్డన్‌లోని ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటి రోగి తలని స్కాన్ చేసింది. అద్భుతమే. కానీ పిల్లల దగ్గరికి వచ్చేసరికి పాత పొరపాటే కొత్త రూపంలో వచ్చింది. ఎక్స్‌రే తక్కువగా వాడితే సీటీ చిత్రంలో ఇసక చల్లినట్టు చుక్కలు వస్తాయి, ఎక్కువ వాడితే నున్నగా వస్తుంది. పిల్లల ఒళ్ళు సన్నం కాబట్టి తక్కువ డోసుతోనే సరిపడా చిత్రం వస్తుంది. కానీ యంత్రంలో పెద్దవాళ్ళ సెట్టింగులే ఉంచేస్తే? చిత్రం ఇంకా నున్నగా వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. 2001లో ఒక అమెరికన్ రేడియాలజీ పత్రికలో వచ్చిన పరిశోధనలు సరిగ్గా ఇదే జరుగుతోందని చూపించాయి. 2008లో 'ఇమేజ్ జెంట్లీ' అనే ప్రచారం మొదలైంది. పిల్లవాడి సైజుని బట్టి డోసు పెట్టండి, అవసరమైన భాగమే తీయండి అని చెప్పింది.

2012లో బ్రిటన్‌లో దాదాపు 1,80,000 మంది పిల్లలు, యువకుల రికార్డులు చూశారు. పదేళ్ళలోపు పిల్లలకి తీసే 10,000 తల స్కాన్లకి, పదేళ్ళలో ఒక లుకేమియా, ఒక మెదడు ట్యూమర్ అదనంగా రావచ్చని అంచనా వేశారు. ఇది చిన్న ప్రమాదమే. నిజంగా అవసరమైన స్కాన్ మానేస్తే దానికంటే పెద్ద ప్రమాదం. కాబట్టి డాక్టరుగారు రాస్తే వద్దనకండి. రెండు ప్రశ్నలు అడగండి: "దీని బదులు అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ సరిపోతుందా?", "డోసు పిల్లవాడి సైజుకి తగ్గించారా?" పాత ఫిల్ములుంటే వెంట తీసుకెళ్ళండి, మళ్ళీ తీయాల్సిన పని తప్పొచ్చు. ఎమ్మారై కోసం పసిపిల్లలకి పాలు పట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి తీసే పద్ధతి కూడా ఉంది. మన అమ్మమ్మలకి తెలిసిన విద్యే కదా!

అన్నిటికన్నా నున్నగా ఉన్నది మంచి చిత్రం కాదండీ. డాక్టరు ప్రశ్నకి జవాబిచ్చేంత స్పష్టంగా ఉండాలి, అంతకు మించి పిల్లవాడి మీద ఒక్క కిరణం కూడా ఎక్కువ పడకూడదు. ఈ ఒక్క మాట అర్థం కావడానికి వైద్యులకి వందేళ్ళు పట్టింది. మళ్ళీ కలుద్దాం, సెలవు.