గోడ మొదట నీరు

వాన వెలిసిన పిమ్మట పెరటిలో నీరు ఎటు పోవుచున్నదో చూడుడు. కాలువవైపునకు జారిపోయినచో ఇంటికి భయము లేదు. గోడ మొదట మడుగు గట్టినచో పునాదికి చేటు మొదలైనట్లే. గోడనుండి 10 అడుగుల దూరములో నేల 6 అంగుళములైనను పల్లమునకు దిగవలెనని నేటి నిర్మాణజ్ఞులు చెప్పుదురు. నీటికి వాలు చూపు ఈ విద్య ఎంత ప్రాచీనమో మొహెంజొదారో నగరము చాటుచున్నది.

సింధునదికి పడమటి దరిని, పాకిస్తానులోని లార్కానా జిల్లాలో ఈ శిథిల నగరము కలదు. 1922లో రాఖల్‌దాస్ బెనర్జీ ఇచట త్రవ్వకములు సాగించెను. 1924లో సర్ జాన్ మార్షల్ ఈ నాగరకతను లోకమునకు ప్రకటించెను. సుమారు 4,500 సంవత్సరముల క్రిందట ఆ పురజనులు నేలకంటె ఎత్తుగా తిన్నెలు వేసి, వానిపై ఇటుకలతో ఇండ్లు కట్టుకొనిరి.

వారి స్నానపు గదులు చూడదగినవి. నేలను ఇటుకలతో సందులేకుండ పరచి, ఒక మూలకు వాలు ఇచ్చిరి. అచటనుండి నీరు తూముగుండ వీధికాలువను చేరును. ఆ కాలువలు ఇటుకకట్టడములు. వానిపై మూతలు కలవు. ప్రసిద్ధమైన మహాస్నానవాటిక 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు గలది. దాని అడుగు నైరుతి మూలకు వాలియున్నది. నీరు చుట్టునున్న కట్టడములోనికి ఊరకుండ ఇటుకల వెనుక తారు దట్టించిరి.

నీటిని ఇంతగా అదుపుచేసిన నగరమునకు తుదకు నీరే శత్రువైనది. 1932లో సుక్కూరు బారేజి పూర్తియై, చుట్టుపట్ల సాగు పెరుగగా భూగర్భజలము పైకి వచ్చెను. ఆ తేమతోపాటు ఉప్పు గోడలలోనికి ప్రాకును. తేమ ఆరగానే ఉప్పు గడ్డకట్టి ఇటుకను పిండిచేయును. 1974 నుండి 1997 వరకు యునెస్కో సంరక్షణోద్యమము నడిపినది. నీటిమట్టము తగ్గించుటకు గొట్టపు బావులు త్రవ్విరి. 1980లో ఈ స్థలము ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. అయినను 2022 ఆగస్టులో కుండపోతగా కురిసిన వానలకు కొన్ని గోడలు దెబ్బతిన్నవి.

వాలు ఒకసారి పెట్టి మఱచునది కాదు. తూము పూడినను, నేల క్రుంగినను నీరు మరల గోడను వెదకికొనుచు వచ్చును. మొహెంజొదారోలో తూములు శుభ్రపరచుటకు ఒకప్పుడు మనుషులు ఉండిరి. వారు వెడలిపోయిన పిదప కాలువ ఎంత చక్కనిదైనను ఏమి ప్రయోజనము? తొలకరికి ముందే పెరటిలోనికి వెళ్లి, గోడ మొదట క్రుంగినచోట నాలుగు తట్టల మట్టి వేసి దిమ్మిస చేయించుట ఏ గృహస్థునకును భారము కాదు.