బోధనా నేత్ర వైద్యశాలల్లో రోగుల హక్కులు

కంటి రోగులకు చికిత్స చేస్తూనే వైద్య విద్యార్థులకు శిక్షణ కూడా ఇచ్చే ఆసుపత్రిని బోధనా నేత్ర వైద్యశాల అంటారు. హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, 1987లో హైదరాబాదులో స్థాపించబడిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తెలుగువారికి పరిచయమున్న ఉదాహరణలు. వీటిలో మొదటిది ఉస్మానియా వైద్య కళాశాలకు, రెండవది ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్నాయి. ఇటువంటి చోట రోగి చికిత్స పొందడమే కాక ఇతరుల విద్యాభ్యాసానికి ఆధారం కూడా అవుతాడు. ఆ రెండవ పాత్రకు అతని సమ్మతి ఎంతవరకు అవసరం, శిక్షణలో ఉన్నవారి వలన నష్టం జరిగితే బాధ్యులెవరు అన్నవి ఇక్కడ తలెత్తే ముఖ్యమైన ప్రశ్నలు.

భారతదేశంలో రోగి హక్కులన్నిటినీ ఒకచోట చేర్చిన కేంద్ర చట్టం లేదు. రాజ్యాంగం 21వ అధికరణం, వైద్యుల ప్రవర్తనా నియమావళి (2002), వినియోగదారుల రక్షణ చట్టం, సుప్రీంకోర్టు తీర్పులు వీటికి ఆధారాలు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 హక్కులతో ఒక పత్రాన్ని రూపొందించగా, కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దానిని అమలు కొరకు రాష్ట్రాలకు పంపింది.

శిక్షణ జరిగే తీరు

ఓ.పి.లో రోగిని మొదట చూసేది తరచుగా హౌస్ సర్జన్లు, మూడేళ్ళ ఎం.ఎస్. చదువుతున్న పోస్టు గ్రాడ్యుయేట్ విద్యార్థులు. శస్త్రచికిత్సను మేక కళ్ళపైన, సిమ్యులేటర్ యంత్రాలపైన అభ్యసించిన తరువాత, అధ్యాపకుని సమక్షంలో ఒక్కొక్క దశను చేయడం నేర్చుకుంటారు. ఈ శిక్షణ లేకుండా కంటి వైద్యులు తయారు కారు. అయితే రోగి పడే శ్రమ కూడా తక్కువ కాదు. చుక్కల మందుతో కంటిపాప విప్పారిన వృద్ధురాలి కంట్లోకి ఒకరి తరువాత ఒకరు అరడజను మంది తీవ్రమైన వెలుగు వేసి చూడవచ్చు. వద్దని చెప్పవచ్చన్న సంగతి చాలామంది రోగులకు తెలియదు. కేవలం బోధన కొరకు చేసే పరీక్షను రోగి నిరాకరించవచ్చు. ఆ కారణంగా అతనికి అందవలసిన వైద్యంలో లోటు చేయరాదు.

అంగీకారం

సమీరా కోహ్లీ కేసులో (2008) సుప్రీంకోర్టు ఈ విషయాన్ని విపులంగా చర్చించింది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి చెప్పి ముందుగా అనుమతి పొందాలని, పరీక్షకిచ్చిన అనుమతి చికిత్సకు చెల్లదని, నిర్ణయించుకోగల వయోజనురాలి బదులు తల్లి ఇచ్చిన అనుమతి చాలదని తీర్పు చెప్పింది. ప్రాణాపాయ పరిస్థితి దీనికి మినహాయింపు. శుక్లం ఆపరేషనులో అటువంటి అత్యవసరం అరుదు కనుక తీరికగా వివరించడానికి సమయం ఉంటుంది.

కంటి ఆసుపత్రిలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. సంతకం చేయవలసిన వ్యక్తికి కాగితం కనబడదు. శుక్లాల వలన చూపు మందగించినవారికి, లేదా చుక్కల మందు వేసిన తరువాత దగ్గరి అక్షరాలు మసకబారినవారికి అంగీకారపత్రం అందించి వేలు చూపినచోట సంతకం పెట్టించుకోవడం అంగీకారం అనిపించుకోదు. చుక్కలు వేయకముందే, రోగికి వచ్చిన భాషలో చదివి వినిపించాలి. వేలిముద్ర వేసేవారి విషయంలో సాక్షి ఉండడం మంచిది. ఏ కంటికి ఆపరేషను, ఏ రకం కటకం అమర్చుతారు అన్నవి రోగి నోటితోనే తిరిగి చెప్పించుకొనే పద్ధతి మరింత శ్రేయస్కరం.

మరొక విశేషం, శుక్లం ఆపరేషను సాధారణంగా కంటికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. రోగి మెలకువగా ఉంటాడు, చెవులు పనిచేస్తూ ఉంటాయి. అధ్యాపకుడు శిష్యునికి చెప్పే "అలా కాదు, ఆగు" అన్న మాట కూడా అతనికి వినబడుతుంది. విద్యార్థి పాల్గొంటాడని ముందుగా చెప్పకపోతే ఆ మాట కలిగించే భయం ఊహించదగినదే.

శిక్షణలో ఉన్నవారి బాధ్యత

అనుభవం లేకపోవడం సాకు అవుతుందా అన్న ప్రశ్న ఇంగ్లండులో ఒక కంటి కేసులోనే చర్చకు వచ్చింది. విల్షర్ కేసులో నెలలు నిండని శిశువుకు రక్తనాళంలో గొట్టం పొరపాటున అమర్చడం వలన ఆక్సిజన్ అధికంగా అందింది. శిశువు చూపు దాదాపు పూర్తిగా పోయింది. కొత్త వైద్యుడైనా ఆ స్థానానికి తగిన ప్రమాణం పాటించాలని, సందేహం కలిగినప్పుడు పైవారిని సంప్రదిస్తే తన బాధ్యత నెరవేర్చినట్లేనని 1986లో అక్కడి అప్పీలు న్యాయస్థానం అభిప్రాయపడింది. ఆక్సిజన్ వలననే నష్టం జరిగిందా అన్న అంశంపై 1988లో హౌస్ ఆఫ్ లార్డ్స్ పునర్విచారణకు ఆదేశించింది.

భారతదేశంలో వి.కృష్ణకుమార్ కేసు (2015) కూడా ఇటువంటి కంటి జబ్బుకు సంబంధించినదే. 1996లో చెన్నైలోని ప్రభుత్వ ఆసుపత్రిలో 29వ వారంలో పుట్టిన శిశువుకు రెటీనా పరీక్ష చేయించవలసి ఉన్నదని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. బిడ్డ చూపు కోల్పోయింది. సుప్రీంకోర్టు మొత్తం 1.80 కోట్ల రూపాయలకు పైగా పరిహారం చెల్లించాలని ఆదేశించింది. సమాచారం ఇవ్వకపోవడం కూడా నిర్లక్ష్యమే అని ఈ తీర్పు వలన తేటపడుతుంది.

ఉచిత వైద్యం పొందేవారు

శిక్షణ భారం ఎక్కువగా ఉచిత వార్డుల్లోని బీదలపైనే పడుతుందన్న విమర్శ పాతదే. డబ్బు చెల్లించనంత మాత్రాన హక్కు తగ్గదు. వి.పి.శాంత కేసులో (1995) సుప్రీంకోర్టు, కొందరి వద్ద రుసుము తీసుకొని మరికొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని పేర్కొంది. అందరికీ పూర్తిగా ఉచితమైన ఆసుపత్రి మాత్రం ఆ చట్టం పరిధిలోకి రాదు. అక్కడ సివిల్ కోర్టు మార్గం ఉంది. ప్రభుత్వ వైద్యుల నిర్లక్ష్యానికి రాష్ట్ర ప్రభుత్వమే బాధ్యత వహించాలని అచ్యుతరావు ఖోడ్వా కేసులో (1996) తేలింది.

1986లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో జరిగిన ఉచిత కంటి శిబిరంలో 88 మందికి శుక్లం ఆపరేషన్లు చేయగా 84 మందికి ఆపరేషను చేసిన కన్ను శాశ్వతంగా పాడయింది. సుప్రీంకోర్టు 1989లో, అప్పటికే ఇచ్చిన 5,000 రూపాయలకు అదనంగా ఒక్కొక్కరికి 12,500 రూపాయలు ఇప్పించింది. కన్ను విలువతో పోల్చితే ఈ మొత్తం స్వల్పమని వేరుగా చెప్పనక్కరలేదు.

రికార్డులు, ఛాయాచిత్రాలు

ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలని, రోగి కోరితే 72 గంటలలోగా ఇవ్వాలని 2002 నియమావళి చెబుతున్నది. దీని స్థానంలో 2023 ఆగస్టులో జారీ అయిన కొత్త నిబంధనలను అదే నెలలో నిలిపివేశారు. రోగి ఎవరో గుర్తుపట్టగల ఛాయాచిత్రాన్ని అనుమతి లేకుండా ప్రచురించడం దుష్ప్రవర్తన క్రిందికి వస్తుంది. కంటి జబ్బుల పాఠాలకు ముఖచిత్రాలు విరివిగా వాడతారు కనుక ఈ నియమం ఇక్కడ మరింత వర్తిస్తుంది.

ఫిర్యాదులు

మొదట ఆసుపత్రి సూపరింటెండెంటుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవచ్చు. వైద్యుని ప్రవర్తనపై రాష్ట్ర వైద్య మండలికి, పరిహారం కొరకు వినియోగదారుల కమిషనుకు లేదా సివిల్ కోర్టుకు వెళ్ళవచ్చు. వినియోగదారుల కమిషనులో సాధారణ గడువు రెండేళ్ళు.