జిగురు గిన్నెను మరిచిన చరిత్ర

డిసెంబరు చివరి వారం వచ్చేసరికి స్టేషనరీ దుకాణాల్లో ఖాళీ పుటల పుస్తకాలు బారులు తీరతాయి. వాటిలో రంగులు పూసి, కాగితం ముక్కలు అంటించి, పక్కన నాలుగు మాటలు రాసుకుంటూ గడిచిన ఏడాదిని నెమరేసుకోవడాన్ని ఇప్పుడు ఆర్ట్ జర్నలింగ్ అంటున్నారు. దీని పుట్టుక గురించి తరచూ వినిపించే కథ చాలా పొట్టిది. లియొనార్డో డావిన్చీ నోటుపుస్తకాలతో మొదలై, 1912లో పికాసో కొలాజ్ దగ్గర కాసేపు ఆగి, అక్కణ్ణుంచి ఒక్క గెంతులో 1990ల అమెరికాలో వాలుతుంది. తండ్రి చిత్రకళ, తల్లి మానసిక చికిత్స అని వంశవృక్షం గీసేస్తుంది. ఆ వంశవృక్షం మీద నాకు నమ్మకం లేదు. పికాసోకు ముందున్న నూరేళ్లను అది ఎగరగొట్టేసింది. అసలు సంగతంతా ఆ నూరేళ్లలోనే ఉంది.

తొలి దశలు తెలిసినవే కాబట్టి త్వరగా దాటేద్దాం. ఇంగ్లండులో శామ్యూల్ పెపీస్ అనే ఆయన డైరీ 1660 జనవరి 1న మొదలవుతుంది. అప్పటికి అక్కడ చట్టం లెక్కన కొత్త ఏడాది మార్చి 25న. అది జనవరి 1కి మారింది 1752లో. అంటే చట్టం కంటే తొంభై ఏళ్లకు పైగా ముందే వాడుక మారిపోయిందన్నమాట. ఏడాది చివర పెపీస్ తన దగ్గరున్న సొమ్మెంతో లెక్క తేల్చుకునేవాడు. ఆ లెక్క పక్కనే నాటకాలు, మద్యం మానేస్తానన్న ఒట్లు కనిపిస్తాయి. ఆత్మపరిశీలన మతం నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. ప్యూరిటన్లనే నిష్ఠాపరులైన క్రైస్తవులు తమ పాపాలను రోజువారీగా రాసుకున్న మాట నిజమే. అయితే ఆ రాతకు ఆకారం ఇచ్చింది మాత్రం వ్యాపారి చిట్టా. మనకిది వింత కాదు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అంకెల్లోనే వింటాం. కాకపోతే మనకు రాబోయే ఏడాది లెక్క సిద్ధాంతి చెబుతారు. పెపీస్ గడిచిన ఏడాది లెక్క తానే కట్టుకున్నాడు.

ఈ చిట్టాకు తేదీలు అచ్చువేసి అమ్మి పేరు తెచ్చుకున్నవాడు లండన్ స్టేషనర్ జాన్ లెట్స్. 1812లో అతను తెచ్చిన డైరీ వ్యాపారుల కోసం. సరుకు రాకపోకలు, డబ్బు లావాదేవీలు రాసుకోవడానికి. ఈ చిన్న సంగతిని చరిత్రకారులు తగినంత పట్టించుకోలేదని నా ఫిర్యాదు. ఖాళీ పుస్తకం ఎక్కడ మొదలుపెట్టినా మొదలే. తేదీలు అచ్చైన పుస్తకానికి జనవరి 1 అనే గుమ్మం, డిసెంబరు 31 అనే గోడ వచ్చాయి. రాయని రోజు తెల్లగా మిగిలి మనల్నే చూస్తుంది. ఏడాది చివర వెనక్కి తిరిగి చూసుకునే అలవాటుకు మతం ఎంత కారణమో ఈ అచ్చు పుట కూడా అంతే కారణమని నేననుకుంటాను.

ఇక అంటించడం సంగతి. 1854లో పారిస్‌లో దిస్‌దేరి అనే ఫోటోగ్రాఫర్ కార్త్ ద విజిత్ అనే చిన్న ఫోటోకు పేటెంటు తీసుకున్నాడు. విజిటింగ్ కార్డంత ఫోటో. చవకయ్యేసరికి పలకరింపుకు వచ్చినవాళ్లందరూ ఫోటోలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో సంపన్న కుటుంబాల స్త్రీలు వాటిని ఊరికే ఆల్బంలో దూర్చలేదు. తలలు, మొండేలు కత్తిరించి, తాము నీటిరంగుల్లో వేసిన బొమ్మల్లో అతికించారు. 1860ల మధ్యలో లేడీ ఫిల్మర్ చేసిన ఒక పుటను దగ్గర్నుంచి చూడండి. గోడలు, కుర్చీలు, తివాచీ అన్నీ నీటిరంగుల్లో గీసిన అతిథుల గది. అందులో కూర్చున్నవాళ్లు, నిలబడ్డవాళ్లు ఫోటోల్లోంచి కత్తిరించిన మనుషులు. నడుమ బల్ల దగ్గర వేల్స్ యువరాజు దర్జాగా ఆనుకుని ఉన్నాడు. ఆమె భర్త మాత్రం ఓ పక్కన, కుక్క దగ్గర, చిన్నగా కూర్చున్నాడు. ఫోటో ఎంత ఉంటే మనిషి అంతే మరి అనవచ్చు. ఎవరి ఏ ఫోటోను ఎక్కడ అంటించాలో ఎంచుకున్నది ఆవిడే కదా! బల్ల పక్కన లేడీ ఫిల్మర్ స్వయంగా నిలబడి ఉంది. బల్ల మీద ఆమె ఆల్బంలు, జిగురు గిన్నె. తాను చేస్తున్న పనినే ఆమె బొమ్మలో పెట్టుకుంది. పికాసో గుడ్డముక్క అతికించడానికి సుమారు యాభై ఏళ్ల ముందు మాట ఇది. 2009లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి పుటలను పోగుచేసి ప్రదర్శన పెట్టేదాకా కళాచరిత్ర వీటిని కాలక్షేపం పద్దులోనే రాసింది.

అట్లాంటిక్ అవతల, అమెరికాలో ఈ పని ఇంకా కిందికి, మామూలు ఇళ్లలోకి వెళ్లింది. కొత్త పుస్తకం కొనే స్తోమత లేనివాళ్లు పాత లెక్కల పుస్తకాల మీద, ప్రభుత్వం పంచిన వ్యవసాయ నివేదికల మీద పత్రికా కత్తిరింపులు అంటించారు. పుస్తకం ఉబ్బి వెన్ను విరగకుండా మధ్యమధ్య పుటలు కోసేసేవారు. అక్కడక్కడా అంటు ఊడిన చోట కింది అచ్చు తొంగిచూస్తుంటుంది. మార్క్ ట్వేన్ ఈ జిగురు బాధ పడలేక, పుటల మీద ముందే బంక చారలు పూసిన స్క్రాప్‌బుక్‌కు 1873లో పేటెంటు పుచ్చుకున్నాడు. తడిపి అంటిస్తే చాలు. ఫిలడెల్ఫియాలో విలియం డోర్సీ అనే నల్లజాతి సేకరణకర్త సుమారు 400 స్క్రాప్‌బుక్కులు తయారుచేశాడు. తనవాళ్ల చరిత్రను గ్రంథాలు వదిలేస్తే అతను పత్రికల్లోంచి కత్తిరించి కాపాడుకున్నాడు. సూసన్ ఆంథొనీ స్త్రీల ఓటుహక్కు పోరాటాన్ని ఇలాగే దాచింది.

ఇక్కడ నా వాదానికి నేనే ఒక అడ్డుకట్ట వేసుకోవాలి. లేడీ ఫిల్మర్ ఆల్బం అతిథులకు చూపించడానికి చేసినది. డోర్సీ పుస్తకాలు లోకానికి సాక్ష్యం. వాటిలో ‘ఈ ఏడాది నేనేమయ్యాను’ అన్న ప్రశ్న సూటిగా కనిపించదు. ఆ ప్రశ్న డైరీలో ఉంది, అంటించే పని ఆల్బంలో ఉంది. ఈ రెండు పాయలూ ఫలానా రోజున కలిశాయని నేను చెప్పను. కలిసిన చోట్లు మాత్రం చూపించగలను. 1942 జూన్ 12న పుట్టినరోజు కానుకగా వచ్చిన పుస్తకంలో పదమూడేళ్ల ఆన్ ఫ్రాంక్ తన ఫోటోలు అంటించి, పక్కన వ్యాఖ్యలు రాసుకుంది. 1993లో మొగదీషులో అల్లరిమూక చేతిలో ఇరవై రెండేళ్లకే చనిపోయిన ఫోటోగ్రాఫర్ డాన్ ఎల్డన్ 17 జర్నళ్లు వదిలి వెళ్లాడు. ఫోటోలు, రంగులు, రాతలు కలగలిసిన ఆ పుటలు 1997లో అచ్చయ్యాక నేడు ఆర్ట్ జర్నలింగ్ చేసేవాళ్లకు ఒరవడి అయ్యాయి. చికిత్స కోసమని మొదలైనవి కావు ఇవేవీ.

చికిత్స మాట వచ్చింది కాబట్టి అదీ తేల్చుకుందాం. జర్నల్ రాస్తే మనసుకు మేలు అనేవాళ్లు చూపే ఆధారాల్లో ముఖ్యమైనది మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగం. విద్యార్థులు రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమ జీవితంలోని చేదు అనుభవాల గురించి రాశారు. తర్వాతి నెలల్లో కొందరు వైద్యుడి దగ్గరికి వెళ్లడం తగ్గింది. కాదనను. అయితే వాళ్లు రాసింది ఎవరికీ చూపించడానికి కాదు. అందంగా ఉండాలన్న షరతూ లేదు. ఆ ఫలితాన్ని తెచ్చి రంగుల పుటకు అంటించడం నాకు సబబుగా తోచదు.

నేటి పరిస్థితి మీద నా అభ్యంతరం కూడా అక్కడే. జపాన్‌లో ఈగల్ని పట్టే బంకకాగితాలతో 1923లో మొదలైన కామోయి కంపెనీ, కర్మాగారాలకు మాస్కింగ్ టేపు చేసేది. కొందరు మహిళలు ఆ టేపుతో బొమ్మలు చేసుకుంటున్నామని, రంగుల్లో కావాలని అడిగితే, ఇప్పుడు ఈ పుటల మీద అంటిస్తున్న అలంకారపు టేపులు పుట్టాయి. ఇంతవరకూ పాత కథే. ఎందుకో తయారైన వస్తువును జనం తమ అవసరానికి మళ్లించుకున్నారు. ఇప్పుడు కథ తిరగబడింది. ఎవరూ ప్రయాణించని టిక్కెట్లు, ఎవరికీ రాయని ఉత్తరాలు, ముందే పాతబడినట్టు ముద్రించిన కాగితాలు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. జ్ఞాపకం లేకపోయినా దాని గుర్తులు కొనుక్కోవచ్చు. ఏడాదిని ఎలా తలుచుకోవాలో ప్రశ్నల పట్టిక కూడా అందులోనే వస్తుంది. చేతికి పని, మనసుకు కాస్త నిదానం దొరుకుతున్న మాట నిజమే. దాన్ని తక్కువ చేయను. కానీ జనవరి పుట ఫోటో తీయించుకోవడానికి తయారై, మార్చి పుట తెల్లగా మిగిలితే, అది లేడీ ఫిల్మర్ అతిథుల గదికి తిరిగి వెళ్లడమే. ఆమె చిలిపితనం మాత్రం అందులో ఉండదు.

మన దగ్గర అచ్చు డైరీ ఆఫీసు సరుకుగానే వచ్చింది. గురజాడ అప్పారావు తన డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసుకున్నారు. తర్వాతి కాలంలో బ్యాంకులు, కంపెనీలు జనవరిలో పంచిన డైరీలు వంటింటికి చేరాయి. పాల లెక్క, చాకలి పద్దు, ముగ్గుల చుక్కలు, శుభలేఖ మీంచి కత్తిరించిన వినాయకుడు, అన్నం మెతుకులతో అంటించిన బస్సు టిక్కెట్టు. ఆర్ట్ జర్నల్ అన్న మాట వినకుండానే మన అమ్మలు నడిపిన పుస్తకాలివి. వీటి మీద మనకు చరిత్ర లేకపోవడానికి కారణం సులువైనది. పాత డైరీ పాతకాగితాల బండి ఎక్కుతుంది, లేదంటే కొత్త ఏడాది వచ్చిన రెండు వారాలకే భోగి మంటలో పడుతుంది. ఈసారి మంటలో వేసే ముందు ఒక్కసారి తిరగేయండి. మెతుకు మరక ఉన్న పుట కనబడితే, ఆ పుస్తకాన్ని దాచండి.