ఎంకి ఎవరి గొంతు?

తెలుగులో హిట్ పాట అంటే సినిమా పాటే అనుకుంటాం. కానీ తెలుగు సినిమాకి ఇంకా మాటే రాని రోజుల్లో, 1925లో, ఒక చిన్న పాటల పుస్తకం వచ్చి జనం నోళ్లలో పడింది. పేరు 'ఎంకి పాటలు'. రాసింది నండూరి వెంకట సుబ్బారావు (1895–1957). ఊరు ఏలూరు పక్కన వసంతవాడ. మా దెందులూరుకి పెద్ద దూరమేం కాదు. వృత్తి ఏలూరులో వకాలత్తు. తమాషా ఏంటంటే, ఏలూరు ముఖ్యపట్టణంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే.

తొలి పాట మాత్రం పొలం గట్టున పుట్టలేదు. మద్రాసులో చదువుకునే రోజుల్లో ట్రాములో పోతుంటే తట్టిందని చెబుతారు. ఉత్సాహపరచడానికి స్నేహితుడు బసవరాజు అప్పారావు ఉండనే ఉన్నాడు. అంటే ఎంకిది, ఊరికి దూరమైన కుర్రాడికి పట్నం రొదలో వినబడిన ఊరి గొంతు. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉద్యోగాలు చేసుకునే మనకి ఈ సంగతి ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు.

అప్పటికి గిడుగు రామమూర్తి మొదలుపెట్టిన వ్యావహారిక భాషా పోరాటం ఇంకా నడుస్తోంది. వ్యావహారికం అంటే చదువుకున్నవాళ్ల వాడుక భాష. దానికే ఒప్పుకోని పండితులున్న కాలం. నండూరి ఇంకో మెట్టు దిగి (నిజానికి ఎక్కి అనాలి) చదువు లేని రైతు జంట యాసలో శృంగారం రాశాడు. పంచాగ్నుల ఆదినారాయణశాస్త్రి లాంటి పండితులు గట్టిగానే విమర్శించారు.

జవాబు వ్యాసాల కంటే పాటే ఎక్కువ పని చేసిందని నాకనిపిస్తుంది. కర్ణాటక సంగీత విద్వాంసుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ఈ పాటల్ని కచేరీల్లో పాడారు. బాలమురళీకృష్ణ గురువు ఆయనే. త్యాగరాజ కీర్తన వినడానికి వచ్చి కూర్చున్నవాళ్లకి నాయుడు బావ గొంతు వినిపించడం చిన్న విషయం కాదు. కాగితం మీద గ్రామ్యం అనిపించిన మాట, మంచి గాత్రంలో పడేసరికి తెలుగైపోయింది. తర్వాత రేడియో వచ్చింది. ఆకాశవాణిలో శ్రీరంగం గోపాలరత్నం పాడిన ఎంకి పాటలు ఇంకో తరానికి అలవాటయ్యాయి. కవి ఒకరు, గొంతులు ఎన్నో. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఇది 'కొలాబరేషన్' గెలుపు.

అయితే ఈ గెలుపులో ఒక వెలితి ఉంది. వకీలు రాశాడు, విద్వాంసుడు పాడాడు, రేడియో ఉన్న ఇళ్లవాళ్లు విన్నారు. చాలా పాటల్లో ఎంకిని మనం నాయుడు బావ కళ్లతోనే చూస్తాం. వెన్నెల ఉంటుంది, గోదారి ఉంటుంది, విరహం ఉంటుంది. కౌలు, అప్పు, నాట్లేసిన నడుం నొప్పి దాదాపు కనబడవు. డెల్టా పొలాల్లో పనిచేసిన ఆడవాళ్ల నాట్ల పాటలు పక్కన పెట్టుకు వింటే ఈ తేడా తెలుస్తుంది. వాటికి కవి పేరు లేదు, కచేరీ లేదు.

అందుకని ఎంకిని కొట్టిపారేయాలనడం లేదు. పల్లెటూరి పేరున్న ఆడమనిషి రాణీ కాకుండా, గోపికా కాకుండా నాయిక కావచ్చని లక్షలమందికి నమ్మకం కలిగించింది ఈ పాటలే. ఎంకి–నాయుడు బావ జంట పుస్తకం చదవనివాళ్లకి కూడా తెలుసు. కవికి ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే పుస్తకానికి వందేళ్లు నిండిన ఈ వేళ ఆ పాటల్ని కళ్లతో కాక, పైకి చదవండి. ఆ యాస మీ నోట్లో ఎక్కడ తడబడుతుందో చూడండి. ఎంకికీ మనకీ మధ్య దూరం ఎంతో అక్కడ తెలుస్తుంది.