నడక నేర్చిన బిడ్డకు నలుగురిలో పాలు: భారత చట్టంలో తల్లి హక్కు

సారాంశం

ఏడాది దాటి, నడక, మాట నేర్చిన బిడ్డకు బహిరంగ స్థలంలో పాలిచ్చే తల్లికి భారత చట్టం ఎంతవరకు అండగా ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2018 నాటి కేరళ హైకోర్టు, 2021 నాటి కర్ణాటక హైకోర్టు, 2025 నాటి సుప్రీంకోర్టు నిర్ణయాలనూ, తల్లిపాలతో ముడిపడిన కేంద్ర చట్టాలనూ విశ్లేషించి, బ్రిటన్‌లోని చట్టాలతో పోలుస్తుంది. న్యాయస్థానాలు హక్కును గుర్తించాయి. అయితే శాసనం దాన్ని కార్యాలయానికీ, గదికీ, 15 నెలల వయసుకూ పరిమితం చేసింది. బిడ్డ వయసుతో, గది ఉండటంతో నిమిత్తం లేకుండా తల్లికి ఈ హక్కు శాసనంలోనే దక్కాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలక పదాలు: తల్లిపాలు, బహిరంగ స్థలం, 21వ అధికరణం, ప్రసూతి ప్రయోజన చట్టం, పాలిచ్చే గదులు

1. ప్రవేశిక

నెలల పసికందుకు బస్సులో తల్లి పాలు పడుతుంటే పక్క సీటువాళ్లు చూపు తిప్పుకుని మర్యాద పాటిస్తారు. అదే బిడ్డ ఏడాదిన్నర దాటి, నోరు విప్పి పాలు అడిగితే మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి. ‘ఇంకా మాన్పించలేదా?’, ‘ఇంత పెద్దవాడికి పాలేంటమ్మా?’ అనే మాటలు చుట్టాల ఇళ్లలోనూ, బస్టాండుల్లోనూ, ఆసుపత్రి వరండాల్లోనూ వినిపిస్తాయి. తల్లి చేసే పని మారలేదు, బిడ్డ వయసు మాత్రమే మారింది. కాబట్టి సమాజం ఇచ్చే అనుమతికి ఎవరూ రాయని ఒక వయోపరిమితి ఉంది.

తల్లిపాల మీద వచ్చే చర్చలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల చుట్టూ తిరుగుతుంది. పుట్టిన గంటలోపు పాలు పట్టడం, ముర్రుపాలు పారబోయకపోవడం, ఆరు నెలల దాకా తల్లిపాలే ఇవ్వడం గురించి ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఫలితమూ కనిపించింది. ఆరు నెలల లోపు పిల్లల్లో కేవలం తల్లిపాలు తాగేవారి వాటా నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 54.9 శాతం ఉండగా, 2019-21 నాటి అయిదో సర్వేలో 63.7 శాతానికి పెరిగింది. ఆ తరువాతి ఏడాదిన్నర గురించి మాత్రం అంత శ్రద్ధగా మాట్లాడటం లేదు. తల్లికి బయటి ప్రపంచంతో పని పడేదీ, జనం తీర్పులు ఎదురయ్యేదీ ఎక్కువగా ఆ కాలంలోనే.

2. రెండో ఏట తల్లిపాలు: ఆరోగ్య ప్రమాణం

ఆరు నెలలు నిండాక ఇంటి తిండి మొదలుపెట్టి, రెండేళ్లు నిండేదాకా, ఆ తరువాత కూడా తల్లిపాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. రెండో ఏట బిడ్డకు కావలసిన పోషణలో మూడో వంతు వరకు తల్లిపాల నుంచే అందగలదని ఆ సంస్థ చెబుతుంది. పిల్లల వైద్యుల అమెరికా సంఘం కూడా 2022లో తన విధానాన్ని సవరించి, తల్లీబిడ్డలు కోరుకున్నంత కాలం, రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించడాన్ని సమర్థించింది. ‘ఏడాది దాటాక పాలలో సత్తువ ఉండదు’ అనే మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

ప్రయోజనం బిడ్డకే పరిమితం కాదు. 30 దేశాల్లోని 47 అధ్యయనాల సమాచారాన్ని కలిపి 2002లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం తగ్గుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పాలిచ్చిన మొత్తం కాలం. రెండో ఏట పాలివ్వడాన్ని నిరుత్సాహపరిచే సమాజం తల్లి ఆరోగ్యాన్ని కూడా తగ్గించి చూస్తున్నట్టే.

3. తెలుగు నేల మీద

నడిచే బిడ్డకు పాలివ్వడం తెలుగు సమాజానికి కొత్త కాదు. పోతన భాగవతం దశమ స్కంధంలో పెరుగు చిలికే యశోద దగ్గరకు వచ్చి పాలడిగే కృష్ణుడు పసికందు కాడు. పాలు పొంగుతున్నాయని తల్లి తనను దించి వెళితే కోపంతో కుండ పగలగొట్టే వయసు వాడు. రోటికి కట్టేసే ఘట్టానికి దారి తీసేది ఆ అల్లరే. ఆ కథను భక్తితో చదివిన తరతరాల పాఠకులకు బిడ్డ వయసు వింతగా తోచలేదు.

కలుపు తీసే చోట, వరి నాట్ల దగ్గర, ఇటుక బట్టీల్లో, రోడ్డు పనుల్లో కూలి తల్లులు గట్టు మీదో, చెట్టు నీడనో కూర్చుని ఏడాది దాటిన పిల్లలకు పాలిస్తూనే ఉన్నారు. బీడీలు చుట్టే ఇళ్ల వాకిళ్లలోనూ అంతే. చాలా ఇళ్లలో తల్లులు కొంగు కప్పుకునేది సిగ్గుకన్నా దిష్టి భయంతో. మాన్పించాలనుకున్నప్పుడు చనుమొన మీద వేపాకు ముద్ద రాసే అలవాటు కూడా, పాలకోసం తనంతట తాను తల్లిని వెతుక్కుంటూ వచ్చే పిల్లల్ని ఉద్దేశించి పుట్టినదే.

బహిరంగంగా పాలివ్వడం మన సంస్కృతికి విరుద్ధమనే వాదన అందువల్ల నిలవదు. మారినది స్థలం. పొలం గట్టు మీద అందరికీ తెలిసిన తల్లి, మాల్‌లోనూ, మెట్రో రైల్లోనూ, రెస్టారెంట్‌లోనూ అపరిచితురాలు. అక్కడి నియమాలు ఆమెను అడిగి పెట్టినవి కావు. 2018లో కోల్‌కతాలో ఒక మాల్‌లో పాలివ్వడానికి చోటు అడిగిన తల్లికి సిబ్బంది మరుగుదొడ్డి చూపించడం దేశమంతా చర్చకు వచ్చింది. మరుగుదొడ్డిలో కూర్చుని అన్నం తినమని పెద్దవాళ్లలో ఎవరినీ అడగం. బిడ్డ ఆహారం విషయంలో మాత్రం ఆ సూచన చాలామందికి సహజంగా అనిపించింది.

4. అశ్లీలత ప్రశ్న

బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీల చర్యకు పాల్పడటం భారతీయ శిక్షాస్మృతి 294వ సెక్షన్ కింద నేరంగా ఉండేది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నియమం 296వ సెక్షన్‌గా కొనసాగుతోంది. పాలిచ్చే తల్లిని కదిలించాలనుకునేవారు మాటవరసకైనా ఎత్తేది ఇలాంటి నియమాలనే.

న్యాయస్థానాల మార్గం వేరు. ఒక చిత్రం అశ్లీలమా అని తేల్చేటప్పుడు దాన్ని విడిగా తీసి చూడకుండా, నేటి సమాజ ప్రమాణాల వెలుగులో సందర్భంతో కలిపి చూడాలని 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 మార్చిలో మలయాళ పత్రిక గృహలక్ష్మి, పాలిస్తున్న స్త్రీ చిత్రాన్ని ముఖచిత్రంగా వేసినప్పుడు కేరళ హైకోర్టుకు ఫిర్యాదు వెళ్లింది. ప్రధాన న్యాయమూర్తి ఆంటోనీ డొమినిక్, జస్టిస్ దామా శేషాద్రి నాయుడుల ధర్మాసనం అందులో అశ్లీలత కనిపించలేదని ఆ ఫిర్యాదును తోసిపుచ్చింది. జనం ముందుకు కావాలని తెచ్చిన ముఖచిత్రమే అశ్లీలం కానప్పుడు, బిడ్డ ఆకలి తీర్చడానికి బస్టాండ్ బెంచీ మీద కూర్చున్న తల్లి ఆ నిర్వచనంలోకి ఏ దారిలోనూ రాదు. బిడ్డకు రెండు నెలలా, రెండేళ్లా అన్నది ఆ నిర్ధారణను మార్చలేదు. అశ్లీలత పరీక్ష చర్య స్వభావానికి సంబంధించినది, వయసుకు సంబంధించినది కాదు.

5. హక్కు ఎవరిది?

2021 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణ ఎస్. దీక్షిత్, కన్నతల్లికీ పెంచిన తల్లికీ మధ్య వచ్చిన వివాదంలో, పాలివ్వడం తల్లికి వేరుచేయరాని హక్కు అనీ, అది రాజ్యాంగం 21వ అధికరణం రక్షణలో ఉందనీ చెప్పారు. బిడ్డకు పాలు పొందే హక్కును తల్లి హక్కుతో కలిపి చూడాలన్నారు.

2025 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ప్రసన్న బి. వరాలేల ధర్మాసనం ఈ మార్గాన్ని ముందుకు తీసుకెళ్లింది. బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులు కోరిన వ్యాజ్యం అది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024 ఫిబ్రవరి 27న రాష్ట్రాలకు రాసిన లేఖను అమలు చేసేలా వాటికి గుర్తుచేయాలని కోర్టు కేంద్రాన్ని కోరింది. స్త్రీల గౌరవాన్ని కించపరిచే ఆచారాలను వదులుకోవాలన్న 51ఎ(ఇ) అధికరణంలోని పౌర విధిని గుర్తుచేస్తూ, బహిరంగ స్థలాల్లో, పని స్థలాల్లో పాలివ్వడాన్ని కళంకంగా చూడరాదని చెప్పింది. నా దృష్టిలో గదుల ఆదేశం కన్నా ఈ మాటే విలువైనది. మొదటిది ప్రభుత్వానికి పని అప్పగిస్తుంది, రెండోది ప్రతి పౌరుడికీ బాధ్యత అప్పగిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాలు పొందడం బిడ్డ హక్కు మాత్రమే అని స్థిరపడితే, అది నెమ్మదిగా తల్లి మీద విధిగా మారుతుంది. పాలు రాని తల్లి, మందులు వాడాల్సిన తల్లి, ఏడాదికే మాన్పించాలని నిర్ణయించుకున్న తల్లి అపరాధులవుతారు. అదే కుటుంబం ఒకసారి ‘ఎందుకివ్వవు’ అని, మరోసారి ‘ఇంకా ఎందుకిస్తావు’ అని ఆమెనే నిలదీస్తుంది. కర్ణాటక తీర్పులా హక్కుకు తల్లిని కేంద్రంగా ఉంచితేనే మొదలుపెట్టే స్వేచ్ఛ, కొనసాగించే స్వేచ్ఛ, ఆపే స్వేచ్ఛ మూడూ నిలుస్తాయి.

6. శాసనంలో నెలల లెక్క

1961 ప్రసూతి ప్రయోజన చట్టం 11వ సెక్షన్ ఉద్యోగానికి తిరిగి వచ్చిన తల్లికి రోజుకు రెండు విరామాలు ఇచ్చింది, బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా. 2017 సవరణ వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలనీ చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా విరామాలకు అదే 15 నెలల గడువును కొనసాగించింది.

మరోవైపు 1992 శిశు పాల ప్రత్యామ్నాయాల నియంత్రణ చట్టం, 2003 సవరణ తరువాత, రెండేళ్ల వయసు దాకా ఉద్దేశించిన డబ్బా పాలకూ, శిశు ఆహారాలకూ ప్రకటనలు నిషేధించింది. అంటే డబ్బా పాల వ్యాపారం నుంచి తల్లిపాలను రెండేళ్ల దాకా కాపాడాలని భారత పార్లమెంటే భావించింది. ఒక చట్టం కంపెనీల ముందు రెండేళ్లు అంటే, ఇంకో చట్టం యజమాని ముందు 15 నెలలే అంటోంది. మధ్యనున్న తొమ్మిది నెలలకు ఏ కారణమూ చూపలేం.

పైగా ఈ చట్టాలన్నీ పని స్థలం గురించి, సరుకు గురించి మాట్లాడేవే. బస్సులో, పార్కులో, హోటల్లో, గుడిలో పాలిచ్చే తల్లిని లేవమనకూడదని చెప్పే కేంద్ర చట్టం ఒక్కటీ లేదు. రోడ్డు పక్కన కూరగాయలు అమ్మే తల్లికీ, ఇంట్లో బీడీలు చుట్టే తల్లికీ ఈ విరామాలు అందవు. కూరగాయలు అమ్మే తల్లికి పని స్థలమే బహిరంగ స్థలం. ఆమెకు బహిరంగ స్థలంలో హక్కు లేకపోతే ఏ హక్కూ లేనట్టే.

7. గది, కెమెరా

2015 ఆగస్టులో తమిళనాడు బస్టాండుల్లో పెద్ద సంఖ్యలో పాలిచ్చే గదులు ప్రారంభించడం మంచి మార్గదర్శకం. గది కావాలనుకునే తల్లికి శుభ్రమైన, తాళం వేసి ఉంచని గది ఉండాలి. కానీ గది ఎక్కడైనా ఉన్నంత మాత్రాన బయట పాలివ్వడం తప్పు కారాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకాలు మొదలై, మహిళలు ఉచితంగా బస్సుల్లో ప్రయాణిస్తున్నారు. పల్లెవెలుగు బస్సులో గది ఉండదు. ఒళ్లో ఏడ్చే ఏడాదిన్నర బిడ్డకు తరువాతి బస్టాండు దాకా ఆగమని చెప్పలేం. ఆ సీటులోనే ఆమె హక్కు ఉండాలి.

ఇప్పటి తల్లికి అదనంగా ఫోన్ కెమెరా భయం ఉంది. చాటుగా చిత్రాలు తీయడాన్ని నేరం చేసే న్యాయ సంహిత 77వ సెక్షన్, స్త్రీ తననెవరూ చూడరని సహజంగా అనుకునే పరిస్థితిలో చేసే ఏకాంత చర్యలను మాత్రమే కాపాడుతుంది. బస్టాండ్ బెంచీ అందులోకి వస్తుందని చెప్పడం కష్టం. స్థలం బహిరంగమైనదైనా రక్షణ ఉంటుందన్న ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కొంత ఆధారం ఇస్తుంది, కానీ పాలిచ్చే తల్లి గురించి అది స్పష్టంగా చెప్పదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 చట్టం ఈ సందిగ్ధాన్ని తొలగించింది. పాలిచ్చే తల్లిని ఆమె సమ్మతి లేకుండా, లైంగిక తృప్తి కోసమో, అవమానించడానికో, భయపెట్టడానికో చిత్రించడం అక్కడ నేరం.

పాలివ్వడాన్ని అడ్డుకోవడం విషయంలో స్కాట్లాండ్ 2005 చట్టం దగ్గరి నమూనా. రెండేళ్ల లోపు బిడ్డకు బహిరంగ స్థలంలో పాలివ్వకుండా కావాలని ఆపడాన్ని ఆ చట్టం నేరం చేసింది. నేరబాధ్యత తల్లి మీద కాక, అడ్డుకునే వ్యక్తి మీద పడింది. బ్రిటన్ 2010 సమానత్వ చట్టం, పాలిస్తున్నందుకు స్త్రీని సేవల్లో తక్కువగా చూడటాన్ని లింగ వివక్షగా నిర్వచించింది. సేవల విషయంలో అక్కడ బిడ్డ వయసుకు పరిమితి లేదు. ఈ రెండింటిలో వయసు ఊసెత్తని పద్ధతే మనకు తగినది. సెక్యూరిటీ గార్డు ముందు బిడ్డ జనన ధ్రువపత్రం చూపించాల్సిన అవసరం ఏ తల్లికీ రాకూడదు.

8. ముగింపు

నాలుగు మార్పులు అవసరమని ఈ విశ్లేషణ సూచిస్తుంది. మొదటిది, తల్లీబిడ్డలకు ఉండే హక్కున్న ఏ స్థలంలోనైనా పాలిచ్చే హక్కు ఉందనీ, అడ్డుకోవడం శిక్షార్హమనీ చెప్పే స్పష్టమైన శాసనం. అందులో బిడ్డ వయసు ప్రస్తావన ఉండకూడదు. రెండోది, పని స్థలంలో విరామాల గడువును 15 నెలల నుంచి కనీసం రెండేళ్లకు పెంచడం. మూడోది, సమ్మతి లేని చిత్రీకరణను నేరంగా స్పష్టం చేయడం. నాలుగోది, కండక్టర్లకూ, భద్రతా సిబ్బందికీ శిక్షణ. ఎందుకంటే తల్లికి ఆ క్షణంలో ఎదురయ్యేది న్యాయమూర్తి కాదు, వాళ్లే.

మొదటి ఆరు నెలలూ తల్లిపాలే పట్టమని గడప గడపకూ తిరిగి చెప్పిన ప్రభుత్వం, ఆ సలహాను రెండేళ్ల దాకా పాటించే తల్లిని బజారులో ఒంటరిగా వదిలేయకూడదు. 21వ అధికరణంలో ఆమె హక్కును కోర్టులు చదివి చెప్పాయి. ఆ హక్కును బస్సులో, సంతలో, సినిమా హాల్లో ఆమె వాదించుకోవాల్సిన పని లేకుండా చేయడం శాసనసభల బాధ్యత.