విద్యా విధానం ఎవరి శాస్త్రం?

విద్యా విధానమంటే సచివాలయంలో తయారయ్యే ఉత్తర్వు అనీ, దాన్ని అధ్యయనం చేయడం అర్థశాస్త్రజ్ఞుల పనో, బి.ఇడి., ఎం.ఇడి. కళాశాలల పనో అనీ మన సాహిత్యరంగంలో ఒక అభిప్రాయం స్థిరపడి వుంది. కథలో బడి రావచ్చు, నవలలో పంతులు రావచ్చు. కాని ఆ బడిని నడిపే విధానం గురించి మాట్లాడవలసి వచ్చేసరికి రచయిత పక్కకు తప్పుకొని నిపుణుడికి దారి ఇస్తాడు. ఈ పనివిభజన సహజమైనదేమీ కాదు. దీనికి ఒక చరిత్ర వుంది. ఆ చరిత్రను హైదరాబాదులోని మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైటెక్ సిటీ అనీ, సైబరాబాద్ అనీ మనం పిలుస్తున్న ఆ కొద్ది మైళ్ళ నేల మీద ఒక కేంద్ర విశ్వవిద్యాలయం, ఒక ఉర్దూ విశ్వవిద్యాలయం, ఒక సమాచార సాంకేతిక విద్యాసంస్థ, ఒక వ్యాపార విద్యాలయం వున్నాయి. దుర్గం చెరువుకు దగ్గరలో ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయమూ వుంది. యాభై ఏళ్ళలో మన ఉన్నత విద్య తిరిగిన ముఖ్యమైన మలుపులన్నీ అక్కడ భవనాలుగా నిలబడి వున్నాయి.

అక్కడికి వెళ్ళేముందు ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. తెలుగు వ్యాసరచన ఏ భాషలో సాగాలో తేల్చడానికి వేసిన ఉపసంఘంలో ఆయన సభ్యుడు. గ్రాంథికానికి మొగ్గిన నివేదికతో విభేదించి, ఇంగ్లీషులో సుదీర్ఘంగా తన వాదం రాశాడు. మనం దాన్ని భాషోద్యమ పత్రంగానే చదువుతాం. కాని అది విద్యా విధాన పత్రం కూడా. పిల్లవాడు పరీక్షలో ఏ భాష రాయాలన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి గురజాడ వ్యాకరణాన్నీ, వచన చరిత్రనూ, శాసన భాషనూ, తరగతి గది అనుభవాన్నీ ఒకచోట చేర్చాడు. ఆయన సహచరుడు గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో చరిత్ర చెప్పిన ఉపాధ్యాయుడు. సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు తయారు చేసి, సవర పిల్లలకు చదువు చెప్పించాడు. వేర్వేరు శాస్త్రాలను కలిపి విద్యను అధ్యయనం చేయడం అనేదానికి ఇంకా పేరు పుట్టని రోజుల్లో మన రచయితలు, మన పంతుళ్ళు ఆ పని చేశారు.

అందుకే కన్యాశుల్కం నాటకాన్ని కూడా ఈ దృష్టితో మళ్ళీ చదవవలసి వుంది. ఒకే ఇంట్లో కూతురి పెళ్ళి బేరమవుతున్నది. కొడుకు ఇంగ్లీషు చదువుకయ్యే ఖర్చు గురించి తండ్రి విసుక్కుంటున్నాడు. చదువు ఎవరికి, ఎవరి ఖర్చుతో, ఎవరిని బలి పెట్టి అన్న మూడు ప్రశ్నలూ అగ్నిహోత్రావధాన్ల గడపలోనే వున్నాయి. ఏ విద్యాశాఖ నివేదికలోనూ ఈ మూడూ ఒకచోట కనిపించవు.

ఇక హైదరాబాదు సంగతి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషును కాదని ఉర్దూను బోధన భాషగా స్వీకరించింది. దానికోసం 1917లోనే అనువాద సంస్థ వెలిసి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. వలస పాలనలోని దేశంలో ఒక దేశభాష వైద్యమూ, ఇంజనీరింగూ చెప్పగలదని రుజువు చేసిన ప్రయోగం అది. కాని సంస్థానంలో అధిక సంఖ్యాకుల భాషలైన తెలుగు, మరాఠీ, కన్నడాలకు ఆ గౌరవం దక్కలేదు. ఒకే విధానం ఒక వైపు నుంచి చూస్తే విముక్తి, మరో వైపు నుంచి చూస్తే ఆధిపత్యం. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంతో మొదలై, 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభ మీదుగా సాగిన ఉద్యమం ఈ వైరుధ్యం నుంచే పుట్టింది. 1938 వందేమాతరం ఉద్యమంలో ఉస్మానియా నుంచి బహిష్కృతులైన విద్యార్థులు నాగపూరు వెళ్ళి చదువు కొనసాగించారు. వారిలో ఒకరైన పి.వి. నరసింహారావు విద్యామంత్రిగా వున్న కాలంలోనే, 1968లో, ఉన్నత విద్యకు తెలుగు పుస్తకాలు తయారు చేయడానికి తెలుగు అకాడమీ ఏర్పడడం యాదృచ్ఛికం కాదు.

గచ్చిబౌలి చరిత్ర కూడా ఉద్యమంతోనే మొదలవుతుంది. 1969లో తెలంగాణా, 1972లో జై ఆంధ్ర ఉద్యమాలలో విద్యార్థులే ముందు నిలిచారు. ఉద్యోగం, చదువు, ప్రాంతం అన్న ప్రశ్నలకు పాలకులిచ్చిన జవాబు 1973 సెప్టెంబరు నాటి ఆరు సూత్రాల పథకం. అందులో ఒకటి హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయం. రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేరింది. 1974లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలిలో తనకు కేటాయించిన సుమారు 2,300 ఎకరాల రాతినేలకు తరలింది. స్నాతకోత్తర చదువుకూ, పరిశోధనకూ ఉద్దేశించిన ఈ విశ్వవిద్యాలయంలో శాఖలను విడివిడి కొట్లుగా వుంచకుండా, దగ్గరి శాస్త్రాలను ఒక్కొక్క స్కూలు కిందికి చేర్చారు. ఉద్యమం రాజీపడిన చోట విద్యాసంస్థ పుట్టిందన్న సత్యాన్ని ఒక్క రాజనీతిశాస్త్రమో, ఒక్క విద్యాశాస్త్రమో పూర్తిగా వివరించలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే దేశంలో విద్యా విధాన అధ్యయనం ఒక స్నాతకోత్తర రంగంగా రూపు కట్టింది. 1964-66 కొఠారీ కమిషన్‌కు సభ్య కార్యదర్శిగా పనిచేసిన జె.పి. నాయక్ చదువును సమాజశాస్త్రాలన్నిటి మధ్య పెట్టి చూశాడు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో 1970లలో నెలకొన్న జాకిర్ హుసేన్ కేంద్రం విద్యను అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, చరిత్ర, మనస్తత్వశాస్త్రం అనే నాలుగు వైపుల నుంచి అధ్యయనం చేసింది. శిక్షణ కళాశాలల పాఠ్యపథకాల చట్రం నుంచి విద్యాచర్చను బయటికి తెచ్చిన ఘనత ఈ ధోరణిదే. మన వద్ద కూడా రాజనీతి, ప్రభుత్వ పాలన శాస్త్రాల ఆచార్యుడు జి. రామ్‌రెడ్డి 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యాడు. బడి మానేసిన మనిషి ప్రవేశ పరీక్ష రాసి, తెలుగులో డిగ్రీ చదవగల వీలు అక్కడ కలిగింది. నేడు అంబేద్కర్ పేరు మీద నడుస్తున్న ఆ సంస్థ హైటెక్ సిటీ అంచునే వుంది.

అయితే ఆ నాలుగు శాస్త్రాల జాబితాలో ఒక లోటు కనిపిస్తుంది. అందులో భాషాసాహిత్యాలు లేవు. గురజాడ, గిడుగు ఏ ద్వారం గుండా విద్యా విధానంలోకి ప్రవేశించారో ఆ ద్వారం మూసుకుపోయింది. తప్పు వారిది మాత్రమే కాదు. మన తెలుగు శాఖలు కూడా ప్రబంధ వర్ణనల దగ్గరో, కవి జీవిత విశేషాల దగ్గరో ఆగిపోయి ఆ తలుపు తట్టలేదు.

ఈ లోటు ఎంత నష్టం చేసిందో 1985 తర్వాత స్పష్టమయింది. ఆ సంవత్సరం కేంద్రంలో విద్యాశాఖ మానవ వనరుల అభివృద్ధి శాఖగా మారింది. వనరు అంటే తవ్వి తీసేది, వాడుకునేది. బొగ్గు వనరు, నీరు వనరు. ఇప్పుడు పిల్లవాడూ వనరే. ఒక్క మాట మారడంలో ఒక వర్గదృష్టి మొత్తం మారిందని చెప్పవలసినవాడు సాహిత్య విద్యార్థి. 2020లో పాత పేరు తిరిగి వచ్చింది గాని, ముప్ఫై అయిదేళ్ళు ఆ మాట చేసిన పని తిరిగి రాలేదు.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా వున్న కేసు. వ్యాజ్యం ప్రైవేటు వృత్తి కళాశాలల ఫీజుల గురించి. దానినుంచి బడిపిల్లవాడి హక్కు వెలువడింది. కాని కళాశాలల ఫీజులకు ఆ తీర్పు పెట్టిన కట్టుబాటు 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పుతో పోయింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. అదే ఏడు గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మొదలయ్యాయి. 1999లో మెకిన్సీ సంస్థ సహాయంతో తయారైన విజన్ 2020 వచ్చింది. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తెరుచుకుంది. విశ్వవిద్యాలయం పక్కకు పరిశ్రమ రావడం కాదు, పరిశ్రమ అవసరమే విద్యకు కొలమానం కావడం ఇక్కడ జరిగింది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం పేద ఇళ్ళ పిల్లలకు ఇంజనీరింగు తలుపు తెరిచింది. అదే పథకం ప్రజల సొమ్మును ప్రైవేటు కళాశాలలకు మళ్ళించింది. ఈ రెండింటిలో ఒకదాన్నే చూసేవారు సగం సత్యమే చెబుతున్నారు.

ఇక్కడ మరొక వైచిత్రి వుంది. ఆ సాంకేతిక సంస్థలో కంప్యూటరు శాస్త్రమూ, భాషాశాస్త్రమూ కలిపి చదివే కోర్సు వుంది. భారతీయ భాషల మధ్య యంత్రానువాదం మీద అక్కడి పరిశోధకులు, ఎదురుగా వున్న కేంద్ర విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. అభినందించవలసిన కృషే. యంత్రానికి తెలుగు నేర్పడానికి శాస్త్రాల మధ్య గోడలు కూల్చగలిగాం. పిల్లవాడికి తెలుగులో గణితం ఎందుకు అందడం లేదో తెలుసుకోవడానికి ఆ గోడలు కూల్చలేమా?

మాధ్యమం వివాదం దగ్గర ఈ ప్రశ్న మన శిబిరాన్నే నిలదీస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2018లో తెలుగును తప్పనిసరి పాఠ్యాంశంగా చేస్తూ శాసనం తెచ్చిన తెలంగాణా, 2022లో ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమానికి మళ్ళింది. రచయితల సంఘాలు మాతృభాషకోసం నిలిచాయి. గచ్చిబౌలి ఉర్దూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కంచ ఐలయ్య మాత్రం దళిత, బహుజన పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు దక్కకూడదని అడుగుతూ వచ్చాడు. తెలుగు పంతులుగా నేను మాతృభాషా బోధననే సమర్థిస్తాను. కాని ఆ ప్రశ్నను భాషాద్రోహమని తోసిపుచ్చడం ప్రగతిశీల విమర్శ కాదు. సైబరాబాదులో రాళ్ళెత్తే కూలీ, ఆ భవనంలోకి తన బిడ్డ ఏ భాషతో ప్రవేశిస్తుందో కళ్ళారా చూస్తున్నాడు. సొంత పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపే మధ్యతరగతి అతనికి మాతృభాష మహిమ బోధిస్తే అతడు నమ్మడు. సమస్య రెండు భాషల మధ్య కాదు, రెండు రకాల బడుల మధ్య. ఆ బడులు రెండుగా వున్నంతకాలం ఏ మాధ్యమమూ న్యాయం చేయదు.

ఇంకా రెండు ఘటనలు. 2016 జనవరి 17న కేంద్ర విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అతని రంగం శాస్త్రవిజ్ఞాన, సాంకేతిక, సమాజ అధ్యయనం. రావలసిన ఫెలోషిప్పు సొమ్ము ప్రస్తావన అతని చివరి ఉత్తరంలో వుంది. దేశమంతా చదివిన ఆ ఉత్తరాన్ని విద్యా విధానం మీద సాక్ష్యంగా చదవడం మన పని. 2025 మార్చి చివర అదే ఆవరణను ఆనుకొని వున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను ఐ.టి. అభివృద్ధికి వేలం వేయడానికి రాష్ట్ర ప్రభుత్వం బుల్డోజర్లు దింపింది. ఆ భూమిని 2003లో ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు కేటాయించి, 2006లో రద్దు చేశారు. భూమి తనదేనని ప్రభుత్వం వాదించింది. విద్యార్థులు, అధ్యాపకులు అడ్డు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ పోరాటంలో న్యాయశాస్త్రమూ, జీవశాస్త్రమూ, చరిత్రా, పాటా ఒకచోట చేరాయి. వేర్వేరు శాస్త్రాలు కలవడమంటే ఏమిటో తరగతి గది చెప్పలేని పాఠం ఆ రాళ్ళ మధ్య జరిగింది.

2020 జాతీయ విద్యా విధానం కూడా బహుశాస్త్ర విద్య గురించి పదే పదే చెబుతుంది. అది విద్యార్థి ముందు పెట్టిన బుట్టలోంచి నచ్చిన కోర్సులు ఏరుకోవడం. మనం కోరేది అది కాదు. ఒక సమస్యను పట్టుకొని అది ఎన్ని శాస్త్రాల గుమ్మాలు తొక్కితే అన్నీ తొక్కడం మనం కోరేది. 2006లో ముంబయి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాథమిక విద్యలో ఎం.ఏ. ప్రారంభించి, ఉద్యోగంలో వున్న ఉపాధ్యాయులు కూడా చదివే వీలు కల్పించింది. అటువంటి చదువు తెలుగులో, తెలుగు శాఖల భాగస్వామ్యంతో రావాలని మనం అడగాలి.

అది వచ్చేదాకా చేతిలో వున్న పని వుంది. పాత తెలుగు వాచకాలను చరిత్ర ఆధారాలుగా పరిశోధించవచ్చు. దళిత, ముస్లిం, ఆదివాసీ ఆత్మకథల్లోని బడి అనుభవాలను విధాన పత్రాల పక్కన పెట్టి చదవవచ్చు. ఇంగ్లీషులో వెలువడే ప్రతి నివేదికనూ తెలుగులో చర్చకు పెట్టవచ్చు. నూట పదేళ్ళ కింద ఒక నాటకకర్త విశ్వవిద్యాలయ నివేదిక కింద ఊరికే సంతకం పెట్టి వుంటే మన చదువు భాష మరోలా వుండేది. ఆయన సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఆధారాలతో రాశాడు. ఎం.ఏ. తెలుగు విద్యార్థి ముందున్న పరిశోధనాంశం అదే.